తువ్వాలు కింద లేని చెయ్యి

మొన్న మధ్యాహ్నం బరంపురం గోసాని నువాగాంలో మా అక్కయ్య ఇంట్లో భోంచేస్తుండగా, మా మేనకోడలు పప్పన్నం కలుపుతూ కలుపుతూ అలాగే నిద్రలోకి జారిపోయింది. చెయ్యి కంచంలోనే ఉంది, తల గోడకి ఆనింది, పక్కనున్న ఫోను మాత్రం ఆగకుండా గుర్రుమంటోంది. అక్కయ్య లేపబోతే బావ కళ్లతోనే వారించాడు. ఆ పిల్ల విమానం నడుపుతుంది. ఒక్క రోజు సెలవు దొరికితే భువనేశ్వర్‌లో దిగి రైలెక్కి ఇంటికొచ్చింది. ఆ ఫోనులో మోగుతున్నవన్నీ తోటి పైలట్ల కబుర్లు. యాజమాన్యం కొత్త ఒప్పందం ఒకటి వాళ్ల ముందు పెట్టిందట, సాయంత్రంలోగా ఔననో కాదనో ప్రతివాళ్లూ ఫోనులోనే ఓటు నొక్కాలట. ఆ పిల్లని అలా చూస్తుంటే, ఆమె ఇంకా పుట్టకముందు ఇలాంటి ఒప్పందమే మా ఇంట్లో రేపిన గొడవ గుర్తొచ్చింది.

ఒకప్పుడు బావా నేనూ కూడా ఆ కంపెనీలోనే పైలట్లం. ఎప్పుడో ఒకసారి రంగైలుండ మైదానంలో చిన్న విమానం దిగితే, చూడటానికి సైకిళ్లేసుకుని పడుతూ లేస్తూ పరిగెత్తిన బరంపురం పిల్లలు మీలోనూ ఉండే ఉంటారు. అందరికీ తీరిన సరదా నాకు మాత్రం తీరలేదు, అంతే తేడా. పెద్దబజారులో చింతపండు టోకు వ్యాపారం చేసే మా నాన్నకి పైలట్ అంటే డ్రైవరే. మీ వాడేం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే "ఏటుంది, గాల్లో బస్సు తోల్తన్నాడు" అనేవాడు. అలా అంటూనే యూనిఫాంలో ఉన్న నా ఫొటోని గల్లాపెట్టె పైన లక్ష్మీదేవి పటం పక్కన పెట్టుకున్నాడు, అది వేరే సంగతి. అమ్మ మా సంచుల్లో కుక్కి పంపిన అప్పడాల కట్టలు కలకత్తాలో మాతోపాటు పనిచేసే సగంమంది తినేవారు.

అప్పట్లో మా కంపెనీలో ఒక మంచి పద్ధతి ఉండేది. వరసగా రాత్రిళ్లు విమానం నడిపినవాడికి, సర్కారు ఇచ్చి తీరాలన్న విశ్రాంతి కాక, కంపెనీ తరఫున మరో రోజు పూర్తిగా సెలవు. రాత్రంతా కళ్లు విప్పార్చుకుని కూర్చుని, తెల్లారుతుండగా అంతమందిని నేలమీదకి దించేవాడికి ఆ ఒక్క రోజు విలువేమిటో అనుభవించినవాడికే తెలుస్తుంది. ఇంతలో కంపెనీ నష్టాల్లో పడింది. యాజమాన్యం మమ్మల్ని పిలిచి, ఇప్పుడున్నవాళ్ల జోలికి రాము, మీ జీతాలూ మీ సెలవులూ మీవే, ఇకమీదట చేరబోయేవాళ్లకి మాత్రం ఆ అదనపు రోజు ఉండదు, దీనికి ఒప్పుకోకపోతే తలుపులు మూసుకుంటాం అంది. బావ మా పైలట్ల సంఘంలో పెద్ద. ఒప్పుకుందామన్నాడు. నేను కాదన్నాను. అదేమంత ఘనకార్యం కాదు లెండి, పెళ్లీ పెటాకులూ లేనివాణ్ణి, కాదనడానికి నాదేం పోయింది? బావకి అలా కాదు, అక్కయ్య ఏడో నెల కడుపుతో పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. ఆయనకి ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అక్కయ్యని చూడటానికి బావ బరంపురం వచ్చినప్పుడు నేనూ కూడా వచ్చాను. ఇంట్లో అరుచుకుంటే ఆమె చెవిన పడుతుందని ఇద్దరం దుకాణానికి చేరి, చింతపండు బుట్టల మధ్య కూర్చుని వాదించుకున్నాం. ఆ పూట నాన్న కొండల నుంచి సరుకు తెచ్చినవాడితో బేరంలో ఉన్నాడు. మన వయసువాళ్లకి చెప్పక్కర్లేదు, మన టోకు బేరాలు నోటితో జరిగేవి కావు. ఇద్దరి చేతుల మీదా ఒక తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవారు. పక్కనున్నవాళ్లకి రెండు మొహాలు తప్ప మరేమీ కనిపించేది కాదు. చేతులు అక్కడ ఉన్నా నాన్న చెవులు మా దగ్గరే ఉన్నాయని మాకు తెలియలేదు. బేరం కుదిరి ఆ మనిషి వెళ్లాక తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, అల్లుణ్ణి అనకూడదు కనక నావైపు తిరిగాడు.

"ఒరే, కంపెనీవోడి సెయ్యొకటి, మీ సెయ్యొకటి, బాగుంది. ఆ వొచ్చేవోడి సెయ్యేదిరా తువ్వాల కింద? సెయ్యెట్టనోడి సరుక్కి బేరం సేసీడం ఏటి వర్తకంరా?"

బావ మొహం కందిపోయింది. మావగారికి ఎన్నడూ ఎదురుచెప్పని మనిషి ఆ రోజు చెప్పాడు. "ఆ వొచ్చేవోడెవుడో నాకు తెల్దు మావయ్యగారూ. పుట్టబోయే నా బిడ్డ నాకు తెలుసు. కంపెనీ మూసీసినాక ఆ బిడ్డకి ఏటి పెట్టమంటారు?" ఇంట్లో కడుపుతో ఉన్నది నాన్న కూతురే కదా. ఆయన ఎదురు కొట్టు నుంచి టీ తెప్పించాడు గానీ, ఎవరమూ తాగలేదు.

కలకత్తాలో ఒక హోటలు హాల్లో ఓటు జరిగింది. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. బావ చెయ్యి లేచింది, ఆయన్ని చూసి చాలా చేతులు లేచాయి, నా చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. న్యాయంగా చెప్పాలంటే బావ భయం వట్టిది కాదు. పోటీ కంపెనీ ఒకటి ఆ తర్వాత నిజంగానే మూతపడింది, అందులో పైలట్లు కొందరు మా దగ్గరికే వచ్చి, మేము కొత్తవాళ్లకని ఒప్పుకున్న షరతుల మీదే చేరారు. నాకంటే అనుభవం ఉన్నవాళ్లు! ఒకే విమానంలో పక్కపక్కన కూర్చుని తెల్లవార్లూ నడిపి దిగాక, నేను పడుకోవడానికి వెళితే వాళ్లు సర్కారువారి విశ్రాంతి మాత్రం ముగించుకుని మళ్లీ బయల్దేరేవారు. వాళ్లలో ఒక్కరూ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఏళ్లు గడిచాయి, నాన్న పోయాడు, దుకాణం చేతులు మారింది. మా మేనకోడలు చదువు ముగించి అదే కంపెనీలో చేరతానన్నప్పుడు బావ ఎంత అడ్డుపడ్డాడో నేను చూశాను. ఎందుకు వద్దంటావు నాన్నా అని ఆ పిల్ల నిలదీస్తే మాత్రం లేచి బయటికి వెళ్లిపోయాడు. చేరింది. ఆ వచ్చేవాడెవడో అప్పటికి గానీ బావకి తెలియలేదు.

మొన్న నిద్రలేచాక పెరట్లో చెయ్యి కడుక్కుంటూ, వాళ్ల నాన్నకి చెప్పొద్దని ఒట్టు వేయించుకుని ఆ పిల్ల నాతో ఒక సంగతి చెప్పింది. కిందటి వారం తెల్లవారుజామున విశాఖలో విమానం దించిందట. అంతా సవ్యంగానే జరిగిందట, పక్కనున్న కెప్టెన్ బాగా దించావని మెచ్చుకున్నాడట కూడా. "కానీ దించినట్టు నాకు గుర్తు లేదు మావయ్యా" అంది. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో బావ నిలబడి ఉన్నాడు.

ఇప్పుడు వాళ్ల ముందున్న ఒప్పందం ఏమిటంటే, పైలట్లు దొరక్క సతమతమవుతున్న కంపెనీ, ఉన్నవాళ్లందరికీ ఆ అదనపు రోజు తిరిగి ఇస్తానంటోంది. ఇకమీదట చేరేవాళ్లని మాత్రం కాంట్రాక్టు మీద, ఆ రోజు లేకుండా, సంఘంలో చోటు కూడా లేకుండా తీసుకుంటుందట. తాతగారు దుకాణంలో అన్న మాట ఆ పిల్లకి తెలియనిది కాదు, నేనే ఎన్నోసార్లు చెప్పాను. బావ వచ్చి అరుగు మీద కూలబడి, ఇన్నేళ్లలో ఎవరి దగ్గరా అనని మాట అన్నాడు. "అమ్మా, ఆ రోజు నేనెత్తిన సెయ్యి నీ మీదే పడింది. నువ్వు ఎత్తకమ్మా."

ఆ పిల్ల ఫోను చేతిలోకి తీసుకుంది. తర్వాత "నాకు నిద్ర కావాలి నాన్నా" అంది. "ఆఉ పారునీ" అంది, ఇక నావల్ల కాదని. చిన్నప్పటి నుంచీ అలిసిపోతే దాని నోట ఒడియానే వస్తుంది. బొటనవేలితో నొక్కింది. ఔననే నొక్కింది. ఆ రోజుల్లో అంత ధీమాగా కాదన్నవాణ్ణి, నేనూ పక్కనే ఉన్నాను. కళ్ల కింద నల్లగా కమిలిపోయిన ఆ మొహాన్ని చూస్తూ వద్దనడానికి నాకు నోరు రాలేదు. కాసేపటికి అక్కడే అరుగు మీద ముడుచుకుని నిద్రపోయింది. బావ తన భుజం మీది తువ్వాలు తీసి, ఎండ పడకుండా దాని కళ్ల మీద కప్పాడు.

పెద్దబజారులో ఇప్పుడు తువ్వాలు బేరాలు లేవు, ధరలన్నీ ఫోనులోనే తేలిపోతున్నాయి. ఆ రోజుల్లో ఎంత గట్టిగా బేరమాడినా అవతలివాడి చెయ్యి మన చేతిలో ఉండేది, వాడి అరచేతి చెమట మనకి తగిలేది, వాడు వణికితే తెలిసేది. ఇప్పుడు అవతల మనిషే అక్కర్లేదు, ఇవతల ఒక వేలుంటే చాలు. మా మేనకోడలి తర్వాత ఆ కంపెనీలో చేరబోయే పిల్ల ఏ ఊళ్లోనో ఈపాటికి బడికి నడిచి వెళుతూ ఉంటుంది. పైన విమానం చప్పుడు వినపడితే ఆగి, తలెత్తి, కనపడినంతసేపూ చెయ్యి ఊపుతూ ఉంటుంది.