కందుల మీద కప్పిన ఎమ్మెస్సీ

రెండో లాక్‌డౌన్ ముగిసిన తరువాతి డిసెంబరులో నేను నారాయణఖేడ్‌లోని ఒక పప్పు మిల్లులో మేనేజరుగా చేరాను. అది నా ఆఖరి ఉద్యోగం. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళుగా పప్పు మిల్లుల్లోనే ఉన్నాను. కందిగింజను పంటి కింద కొరికి, మీటరు కంటే ముందే తేమ ఎంతో చెప్పేస్తానని నాకొక పేరు ఉండేది. ఆ పేరును అందరికంటే ఎక్కువగా నేనే ప్రచారం చేశానని మా ఆవిడ అంటుంది.

మిల్లులో మేనేజరు కింద గ్రేడరు, అతని కింద కాంటా గుమాస్తా, ఆ తరువాత హమాలీల మేస్త్రీ. గ్రేడరు గింజను చూస్తాడు, కాంటా గుమాస్తా తూకం చూస్తాడు. పొద్దున్నే కాంటాను సున్నాకు తేవాలి. బస్తా ఎక్కగానే అంకె పైకి చదవాలి, గోనె బరువు తీసేయాలి, మూడు కాపీల చిట్టీ రాయాలి. చెప్పుకోవడానికి ఇంతే. కానీ జనవరిలో నాగల్‌గిద్ద, కంగ్టి వైపు నుంచి ట్రాక్టర్లు బారులు తీరాక కాంటా గుమాస్తా కుర్చీలో మనిషి లేకపోతే మిల్లు నిలిచిపోతుంది.

నేను చేరేసరికి ఆ కుర్చీ ఖాళీగా ఉంది. మిల్లు యజమానిని అందరూ సేటు అనేవారు. ఆయన మొదటి రోజే నాకొక ఆర్డరు వేశాడు. ఇంటర్ దాటి చదివినవాళ్ళను ఆ ఉద్యోగంలోకి తీసుకోకూడదు. దానికి కారణం ఉంది. ముందు సీజనులో ఒక బీకాం కుర్రవాడు కందులు ముమ్మరంగా వస్తున్న రోజున టీ తాగివస్తానని వెళ్ళి హైదరాబాద్‌లో తేలాడు. అతని తరువాత వచ్చిన ఎమ్మే, చిట్టీల పుస్తకం కింద పోటీ పరీక్షల పుస్తకం పెట్టుకొని చదివేవాడు. ఒకనాడు రైతు పేరు రాయవలసిన గడిలో ‘ఔరంగజేబు’ అని రాసి, ఎదురుగా నలభై తొమ్మిది కిలోలు వేశాడు. ఆ చిట్టీని సేటు తన బల్ల మీద గాజు కింద పెట్టుకున్నాడు.

“సదువుకున్నోడు మనకాడ ఆగడు మేనేజర్ సాబ్. ఇంటర్‌కాడ్నే గీత గియ్యి,” అన్నాడు.

సేటు కఠినుడేమీ కాదు. చందా అడగవచ్చినవాళ్ళను వట్టి చేతులతో పంపేవాడు కాదు. ఎందుకని కూడా అడిగేవాడు కాదు. అందువల్ల చౌరస్తాలో ఏ ఫ్లెక్సీ కట్టినా కింద వరుసలో చేతులు జోడించిన ఆయన ఫొటో ఉండేది. అదీ పదేళ్ళ కిందటి ఒకే ఒక్క ఫొటో.

ఉద్యోగాలు ఊడి హైదరాబాద్ నుంచి జనం తిరిగొచ్చిన కాలం అది. ఆ ఒక్క కుర్చీకి నలభైకి పైగా దరఖాస్తులు వచ్చాయి. దాదాపు అందరూ పదో తరగతేనట! అంతకుముందు చాలా ఏళ్ళు దొంగ సర్టిఫికెట్లు తెచ్చినవాళ్ళను పట్టుకున్నవాణ్ణి నేను. ఇప్పుడు నిఖార్సయిన సర్టిఫికెట్లు దాచినవాళ్ళను పట్టుకోవలసి వచ్చింది. ఒకడు పదో తరగతి ఫెయిలని రాసి, అలవాటు కొద్దీ ఇంజనీరింగ్ మార్కుల మెమోలు కూడా పిన్ను కొట్టి ఇచ్చాడు. ఇంకొకడు అన్నిటికీ అమాయకంగా జవాబులు చెప్పి, చివర్లో ఉండబట్టలేక, “ఐదేండ్లల్ల ఈ పోస్టుల ఎదుగుదల ఎట్లుంటది సార్?” అని అడిగాడు. పక్కనే బస్తాలు సర్దుతున్న మేస్త్రీ బక్కప్ప, “గా మూలకున్న బస్తాల థప్పీ అంత ఎదుగుతవ్ తమ్మీ,” అన్నాడు. ఇంజనీర్లు, ఎంబీఏలు అలా రెండు ప్రశ్నలకే దొరికిపోయేవారు. వాళ్ళను పంపేయడం నాకు సంతోషంగా ఉండేదని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను.

ఆ వరుసలో చివరగా వచ్చింది రూతు. నాగల్‌గిద్ద మండలంలో ఒక చిన్న ఊరు, ముప్పై లోపు వయసు. ఇంటర్ ఫెయిలని చెప్పింది. మెమో ఏదంటే ఎలుకలు కొట్టాయంది. మా పద్ధతి ప్రకారం పది బస్తాలు తూచి చూపించమన్నాను.

ఆమె బస్తాలు తూచనే లేదు. ఒకే బస్తాను బక్కప్ప చేత కాంటా నాలుగు మూలల్లోనూ మార్చి మార్చి పెట్టించింది. మూడు మూలల్లో ఒకే అంకె వచ్చింది, నాలుగో మూలలో కొంత తక్కువ వచ్చింది. నేల మీద బోర్లా పడుకొని కాంటా అడుగున చెయ్యి పెట్టి, అక్కడ ఇరుక్కున్న కందులను పిడికెడు బయటికి తీసింది. మళ్ళీ పెట్టిస్తే నాలుగూ సరిపోయాయి. తూనికల ఇన్‌స్పెక్టరు ఏడాదికొకసారి చేసే పరీక్ష అది. ఇంటర్ ఫెయిలైన పిల్లకు ఎలా తెలుసని అడిగాను.

“మా అమ్మకు ఏ తరాజు మీద నమ్మకముండది సార్. నాకు గూడ గదే అలవాటైంది,” అంది.

నా ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవం చెవిలో పోరు పెట్టింది. అయినా రెండో ప్రశ్న వేయలేదు. మిల్లుకు మంచి గుమాస్తా కావాలి, సీజను నెత్తి మీద ఉంది. విద్యార్హత గడిలో ఆమె రాసిన ‘ఇంటర్ ఫెయిల్’ కింద సంతకం చేసేశాను.

ఆ నెలంతా కాంటా దగ్గర గొడవ లేదు. రూతు అంకె చదివితే రైతులు మారు మాట్లాడేవారు కాదు. సేటు కూడా చూసి, “సూశినవా, తక్కువ సదివినోళ్ళే నిలకడగ పని జేస్తరు,” అని నాకు పాఠం చెప్పాడు.

జనవరి చివరి వారంలో ఒక మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో మరియమ్మ వచ్చింది, రూతు తల్లి. ఎకరంన్నర చేనులో పండిన కందులు తెచ్చింది. తల్లిని చూడగానే రూతు ముఖం తెల్లబోయింది. చిట్టీల పుస్తకం వదిలి పరుగెత్తి, బస్తాల మీద కప్పిన పట్టా తాడు తనే విప్పబోయింది. తల్లి మీద ఎంత ప్రేమో అనుకున్నాను.

అది మామూలు పట్టా కాదు, ఫ్లెక్సీ. మా వైపు ఎవరికి పెద్ద చదువు వచ్చినా చౌరస్తాలో ఫ్లెక్సీ కడతారు. సంబరం అయ్యాక దాన్ని ఇంటికి తెచ్చుకొని, మంచు పడకుండా పంట మీద కప్పుతారు. మరియమ్మ తెల్లవైపు పైకి వేసి కప్పింది. రూతు ఒక కొస పట్టుకొని లోపలికి మడుస్తోంది. బక్కప్ప సాయం చేద్దామని రెండో కొస పట్టి ఒక్క గుంజు గుంజాడు. నడుమ గాలి పోసుకొని, పన్నెండడుగుల ఫ్లెక్సీ మిల్లు వాకిట్లో వెల్లకిలా పరుచుకుంది.

నల్ల గౌను, నెత్తిన నల్ల టోపీ, చేతిలో డిగ్రీ పట్టా, నిలువెత్తు రూతు. ‘భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలైన మా ఊరి ఆడబిడ్డకు హార్దిక శుభాకాంక్షలు.’

హమాలీలు చుట్టూ చేరి పైకి చదవసాగారు. సరిగ్గా అప్పుడే టీ గ్లాసుతో సేటు బయటికి వచ్చాడు.

మరియమ్మకు ఏమీ అర్థం కాలేదు. కూతురి గొప్ప అందరూ చూస్తున్నారని పొంగిపోయింది. “మా బిడ్డనే సేటూ! గా సదువు జూసే గద మీరు పిలిచి ఆఫీసర్ నౌకరి ఇచ్చింది,” అంది. మాకు చదువు తక్కువ చేసి చెప్పిన రూతు, తల్లికి హోదా ఎక్కువ చేసి చెప్పింది. ఆ రెండు అబద్ధాలూ మా కాంటా మీదే కలుసుకున్నాయి.

రూతు తలెత్తలేదు. మెల్లగా నాతో అంది: “హైదరాబాద్‌ల నేను పాఠాలు జెప్పే కాలేజీ బంద్ వెట్టిన్రు సార్. బట్టల దుకాన్‌ల అడిగిన, బడిల అడిగిన. ఎమ్మెస్సీ అంటె అందరు దండం వెట్టి పంపిన్రు, పని మాత్రం ఇయ్యలే. ఈ నౌకరి గూడ పోతె ఎండకాలం అమ్మతోటి నేను గూడ కూలీల అడ్డమీద నిలబడాలె.”

ఆమెను తీసేయవలసి వస్తే ఆ ఆర్డరు మీద నేను సంతకం చేయలేనని అప్పుడే అనిపించింది.

సేటు నావైపు తిరిగాడు. “మేనేజర్ సాబ్, నీకు తెల్సా?”

“అనుమానం ఉండె సేట్. కావాలనే అడగలేదు,” అన్నాను. పదవీవిరమణకు రెండేళ్ళ ముందు నోటీసు తీసుకోవలసి వస్తుందేమోనని భయం వేసింది.

బక్కప్ప ఈలోగా ఫ్లెక్సీ కింది వరుస దగ్గర గొంతుక్కూర్చొని, ఒక్కొక్క ఫొటో మీద దుమ్ము తుడుస్తున్నాడు. సర్పంచి, పాస్టరు, మేనమామ, ఆ పక్కన... బక్కప్ప ఆగిపోయాడు.

“సేటూ, గీడ నువ్వే ఉన్నవ్.”

ఉన్నాడు. చేతులు జోడించి, పదేళ్ళ కిందటి నల్లని జుట్టుతో, రూతు ఎమ్మెస్సీకి నవ్వుతూ శుభాకాంక్షలు చెబుతున్నాడు. చందా ఇచ్చాడు, ఎందుకో అడగలేదు, అంతే.

ఆయన టీ గ్లాసు నా చేతిలో పెట్టి, ఫ్లెక్సీ చుట్టూ ఒకసారి నడిచాడు. తన ఫొటోను చాలాసేపు చూసుకున్నాడు. హమాలీలు నవ్వు ఆపుకోలేక బస్తాల వెనక్కి తిరిగారు.

“ఇంతమంది ముంగట చెప్పిన శుభాకాంక్షలు ఎనకకెట్ల తీస్కుంట?” అన్నాడు చివరికి. తరువాత రూతుతో, “పో, పోయి కుర్సీల కూసో. అమ్మ కందులు నువ్వు తూచొద్దు, మేనేజర్ సాబ్ తూస్తడు,” అన్నాడు. ఆ మధ్యాహ్నం నేనే తూచాను. మరియమ్మ ప్రతి బస్తానూ నాలుగు మూలల్లో పెట్టించింది. ఆమె తరాజులను నమ్మదని రూతు చెప్పిన ఒక్క మాట మాత్రం నిజమే.

రూతు రెండు సీజన్లు పనిచేసింది. టీచరు పోస్టు వచ్చినప్పుడు రెండు నెలల ముందే చెప్పి, తన స్థానంలోకి వచ్చిన కుర్రవాడికి పని నేర్పి వెళ్ళింది. ఎవరూ అడగకుండానే సేటు ఆమె పేర ఫ్లెక్సీ వేయించాడు. కింది వరుసలో నా ఫొటో కూడా పడింది. కొత్త కుర్రవాడు నిఖార్సుగా ఇంటరే, మెమో నేనే చూశాను. పదకొండో రోజు, కందులు ముమ్మరంగా వస్తుండగా, టీ తాగివస్తానని వెళ్ళాడు.

ఉద్యోగంలో మనిషి నిలుస్తాడా లేదా అన్నది చదువును బట్టి చెప్పలేమని నేను ముప్పై ఏళ్ళ సర్వీసు తరువాత నేర్చుకున్నాను. విరమణకు ముందు దరఖాస్తు ఫారంలో విద్యార్హత గడిని కొట్టేసి, కాంటాను ఎలా పరీక్షిస్తారో చూపించమని రాయించాను. నా ఫొటో ఉన్న ఫ్లెక్సీని మరియమ్మ పట్టుకుపోయింది. ఆ తరువాతి జనవరిలో అది ఆమె కందుల మీద మిల్లుకు తిరిగివచ్చింది, ఈసారి బొమ్మలవైపు పైకి వేసి.