తడి తెలిసే గుడ్డ

మా చెల్లెలు జ్వరంతో పోయేనాటికి దాని కూతురికి ఇంకా బోర్లా పడడం కూడా రాదు. పెద్దకర్మ అయిన సాయంత్రం చెల్లెలి అత్తారింటి వసారాలో కూర్చుని పెద్దవాళ్ళు పాప సంగతి తేల్చారు. చెల్లెలి అత్తగారు మోకాళ్ళ నొప్పులతో గోడ పట్టుకుని నడిచే మనిషి. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది.

"అమ్మాయ్, దానిమీద ప్రేమ లేక కాదు. వంగి గుడ్డ మార్చలేను, లేచి ఉతకలేను. గుడ్డలు మానేసి, ఉచ్చొస్తే నోటితో చెప్పేదాకా నీ దగ్గరుంచుకో. ఆ తర్వాత మా పిల్ల మా ఇంటికొచ్చేస్తుంది."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. చెల్లెలి మొగుడు, మా మరిది, తలవంచుకుని నేల చూస్తున్నాడు. పాప నా ఒళ్ళో నిద్రపోతోంది. మాకు పిల్లలు లేరు. సరేనన్నాను. ఏ ఉగాదికో, ఏ దసరాకో అని గడువు పెట్టి ఉంటే రోజూ దానివైపే చూస్తూ ఉండేదాన్నేమో. వాళ్ళు పెట్టిన గడువుకు తేదీ లేదు. అది పాప ఒంట్లోనే ఉంది.

మాది నూజివీడు పక్కన మామిడి తోటల ఊరు. మా ఆయన పిందె మీదే తోటలు గుత్తకు తీసుకుంటారు. నేను ఏడో తరగతితో ఆపేసినా కాపు అంచనా మాత్రం నాదే. చెట్టు చుట్టూ తిరిగి, ఎండ తగిలే కొమ్మ ఒకటి, తగలని కొమ్మ ఒకటి చూసి, గాలికి రాలేవీ ఉడతలు కొట్టేవీ తీసేసి, ఇంత దిగుతుందని చెబుతాను. ఎవరూ నేర్పలేదు. చూడగా చూడగా వచ్చింది. రెడ్డిగూడెం వైపు నుంచి కూడా ఒకరిద్దరు వచ్చి అడిగి వెళుతుంటారు. ఈ అలవాటు వల్ల నేను దేన్నయినా తూచి చూస్తే తప్ప నమ్మను.

పాపకు మొదట్లో పాత పంచెలు చింపి కట్టాను. పాకడం మొదలుపెట్టాక అవి ఎక్కడ జారేవో తెలిసేది కాదు. తర్వాత బజారులో దొరికే, వాడి పారేసే డైపర్లు తెచ్చాం. వాటితో ఇంకో తంటా. మా వీధికి చెత్త బండి రాదు. గొయ్యి తీసి పాతితే కుక్కలు తవ్వి తోట నిండా లాగేవి. కాలిస్తే ఆ కంపు ఇంట్లోకి కొట్టేది. పాప నడక నేర్చాక, పక్కూరి ఆరోగ్య కేంద్రంలో పనిచేసే నర్సమ్మ ఉతికి వాడే కొత్తరకం క్లాత్ డైపర్ల గురించి చెప్పింది. ఫోనులో చూసి మూడు రకాలు, ఒక్కొక్కటి చొప్పున తెప్పించాను.

చూడముచ్చటగా ఉన్నాయి. బయట నీళ్ళు దిగని పొర. దానిమీద ఏనుగులు, పడవలు. నడుముకు టిచ్ బటన్లు. లోపల సంచిలాంటి అర, ఆ అరలో దూర్చే మెత్త. తేడా అంతా ఆ మెత్తలోనే. ఒకటి దళసరిది, నీళ్ళు పీల్చే నూలు కాని బట్ట. దాని మీద పిల్ల ఒంటికి తడి తెలియనివ్వని నున్నటి పొర ఉంటుంది. రెండోది వెదురు నారతో చేశామని రాశారు. మూడోది ఉత్త నూలు గుడ్డ, మడతలు పెట్టుకోవాలి.

కాయలు తూచే చిన్న కాటా తెచ్చి పెరట్లో పెట్టాను. మూడింటినీ పొడిగా తూచి, నీళ్ళలో ముంచి, చుక్కలు కారడం ఆగాక మళ్ళీ తూచాను. అప్పుడే రాలిన కాయలు ఏరడానికి వచ్చిన మా పనామె గంప దించి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏంటమ్మగారూ, ముడ్డిగుడ్డలు కాటాకెక్కించారు? ఏ దేశానికి ఎగుమతి?"

"నవ్వుతావేం, ఏది ఎక్కువ పడుతుందో చూస్తున్నా."

"మా అత్త నలుగురిని పెంచింది. ఒక్కరి ఉచ్చా తూచలేదండీ బాబూ!"

మా ఆయన కూడా కలిశారు. "గ్రేడింగు కూడా చేసెయ్యి. ఏ వన్నో, ఏ టూనో."

దళసరిదే గెలిచింది. మిగతా వాటికి దాదాపు రెట్టింపు పట్టింది. ఇంకేం ఆలోచించలేదు, అవే రోజుకు సరిపడా తెప్పించాను. బరువు తూగిందే మంచి కాయ అనుకునే ఇంట్లో పుట్టి, అలాంటి ఇంటికే వచ్చినదాన్ని.

ఎండలు ముదిరి కోతలు మొదలయ్యాయి. చేతులకు సొన అంటితే కొబ్బరినూనె రాసి, సబ్బుతో రెండుసార్లు కడుక్కుంటే గానీ పాపను ముట్టుకునేదాన్ని కాదు. ఒకరోజు కాయలు లారీకెక్కించే హడావిడిలో డైపరు మార్చడం ఆలస్యమైంది. పాప గంపల మధ్య కిలకిలా నవ్వుతూ తిరుగుతూనే ఉంది. విప్పి చూస్తే మెత్త రాయిలా బరువెక్కి ఉంది. తొడల సందున ఒరుసుకుపోయి ఎర్రగా పొక్కింది. ఇంత తడిలో ఉండి ఒక్కసారి కూడా గునియలేదేమిటా అనుకున్నాను. ఎక్కువ పట్టేది అంటే ఎక్కువసేపు ఒంటిమీద ఉండిపోయేది అని నా లెక్కలోకి రాలేదు.

నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ పూత మందు రాసిచ్చింది.

"ఏ గుడ్డయినా పర్లేదండీ, తొందర తొందరగా మారుస్తుంటే ఇది తగ్గిపోతుంది. కాకపోతే వీటిలో పిల్లకు తడి తెలీదు. తెలీనిదాన్ని ఏమని చెబుతుంది? నూలుదైతే తడవగానే చిరాకు పడి తనే చెప్పడం మొదలెడుతుంది. ఇవే అయితే ఇంకో ఏడాది మీరు నిశ్చింతగా ఉండొచ్చు."

ఇంకో ఏడాది. ఆవిడకు మా ఇంటి ఒప్పందం సంగతి తెలియదు. ఆటోలో పాప నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. దారి పొడుగునా నేను ఆ మాటే అనుకుంటూ వచ్చాను. అందులో మోసం ఏమీ లేదు. మందు రాస్తాను, గంట గంటకూ మారుస్తాను, పుండు పడనివ్వను. ఎవరూ నన్ను వేలెత్తి చూపలేరు. వచ్చే కోతల దాకా పాప ఈ ఇంట్లోనే ఉంటుంది.

ఇంటికొచ్చి అవే వాడాను, తరచుగా మారుస్తూ. ఎరుపు తగ్గింది. కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం నేను బియ్యం ఏరుతుంటే పాప వచ్చి ఎదురుగా నిలబడింది. రెండు చేతులతో డైపరు ముందుభాగం పట్టుకుని, కనుబొమలు ముడిచి, నా ముఖంలోకి చూసింది. లోపల ఏదో అవుతోందని దానికి తెలుస్తోంది. ఏమవుతోందో తెలియడం లేదు. నన్ను అడుగుతోంది. నేను చెప్పడం లేదు.

ఆ సాయంత్రం నూలువి తెప్పిస్తానని మా ఆయనతో అన్నాను.

"బాగా ఆలోచించుకున్నావా? తర్వాత ఏడిస్తే నేనేం చేసేది లేదు."

"ఏడిస్తే ఏడుస్తాను లెండి. నాకోసం దాని కాళ్ళ మధ్య మూట కట్టి తిప్పనా?"

మర్నాడు ఆయనే ఫోను తెచ్చి నా చేతిలో పెట్టారు.

నూలు మెత్త వేసిన మొదటి రోజే పాప తడవగానే కాళ్ళు ఎడంగా పెట్టి ఏడ్చింది. తర్వాత తడిశాక నా కొంగు లాగడం నేర్చింది. తర్వాత తడుస్తుండగా చెప్పేది. వానలు పడి, మేము కొమ్మలు కత్తిరించే పనిలో ఉండగా, తడవక ముందే చెప్పింది. నేను దాన్ని ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తాను. పని అయ్యాక అది నావైపు చూసి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

ఆ మాట వాళ్ళకు నేను చెప్పలేదు, దాచనూ లేదు. మరిది, వాళ్ళమ్మ రెండు మూడు వారాలకోసారి చింతలపూడి నుంచి వచ్చి పాపను చూసి వెళ్ళేవాళ్ళు. ఆసారి వచ్చినప్పుడు ఆవిడ మంచం మీద కూర్చుని పాపకు గాజులు తొడుగుతోంది. పాప ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"పెద్దమ్మా, ఉచ్చ!"

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఆవిడ ముఖం విప్పారింది.

"ఓసి నా బంగారుతల్లీ, చెప్పేస్తుందే! విన్నావురా, నీ కూతురు చెప్పేస్తోంది!"

పాపను తీసుకెళ్ళి తెచ్చేసరికి ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"కన్నతల్లి కూడా ఇంత బాగా చూడదమ్మాయ్. నీ రుణం తీర్చుకోలేం."

నేను పప్పు మాడుతుందని లేచాను. వాళ్ళు వసారాలోకి వెళ్ళి మంచిరోజు గురించి మాట్లాడుకోవడం వినిపిస్తూనే ఉంది.

శ్రావణంలో తీసుకెళ్ళారు. కారు ఎక్కుతూ పాప నేనూ వస్తాననే అనుకుంది. పక్కన చోటు చూపించి సీటు మీద తట్టింది. మరిది తలుపు వేశాడు. నేను ఏడవలేదు. లోపలికి వచ్చి ఏం చెయ్యాలో తోచక వండిన అన్నం ఉండగానే మళ్ళీ వండాను.

పదిహేను రోజులు దాటాక ఒక సాయంత్రం మరిది ఫోను చేశాడు.

"వదినా, పాప అసలు చెప్పట్లేదు. ఇల్లంతా తడిపేస్తోంది. అమ్మ వల్ల కావట్లేదు. కొన్నాళ్ళు మళ్ళీ..."

అక్కడ ఆగాడు. మా ఆయన టీవీ కట్టేసి నావైపు చూశారు. నోటితో చెప్పేదాకా నీ దగ్గరుంచుకో, అని ఆరోజు మరిది వాళ్ళమ్మ అంది. ఇప్పుడు చెప్పడం లేదు. ఒప్పందం ప్రకారం చూస్తే పాప నాది.

"ఏం వేస్తున్నారు దానికి?" అని అడిగాను.

"బజారులో డైపర్లు తెచ్చాను."

"అవి తీసేయండి మరిదిగారూ. నూలువి సంచిలో పెట్టి పంపాను, పై అరలో ఉంటాయి. నిద్ర లేవగానే ఒకసారి, అన్నం తిన్నాక కాసేపటికి ఒకసారి తీసుకెళ్ళండి. మీరే తీసుకెళ్ళండి, అత్తయ్యగారిని వంగమనొద్దు. తడిపితే తిట్టొద్దు. చెప్పినప్పుడు చప్పట్లు కొట్టండి."

"చప్పట్లా?"

"దానికి అలవాటు."

వెనకాల పాప ఏదో పాడుకుంటోంది. "ఫోను ఇవ్వనా వదినా?" అన్నాడు.

"వద్దు. నా గొంతు వింటే మళ్ళీ మొదటికొస్తుంది."

ఫోను పెట్టేశాక మా ఆయన మెల్లగా అన్నారు.

"ఒక్కమాట అంటే రేపే తెచ్చి దింపేవాడు కదే."

"దింపేవాడు. మళ్ళీ ఇంకోసారి పంపాలిగా."

ఆయన టీవీ పెట్టలేదు. నేను లేచి అన్నాలు వడ్డించాను, ఇద్దరికి.