బావ సస్పెండర్ల వేట

మా బావ వీపు మీది పట్టీ పట్టుకుని నేను వేలాడుతుంటే, షాపులో సేల్స్‌మన్ చేతిలోని టోపీ కింద పడింది.

"సార్, సార్! ఏం చేస్తున్నారు?"

"పరీక్ష," అన్నాడు బావ అద్దంలోంచే అతన్ని చూస్తూ. "ఒరేయ్ బామ్మర్దీ, కాళ్లు పైకెత్తు. నేల మీద నిలబడి పట్టుకుంటే ఏం తెలుస్తుంది?"

నేను కాళ్లు పైకెత్తాను. వెంటనే ప్యాంటును కరుచుకుని ఉన్న క్లిప్పు టప్పున ఊడింది. సాగే పట్టీ కదా, ఎగిరొచ్చి నా దవడ మీద ఒక్కటి చరిచింది. నేను వెల్లకిలా నెక్‌టైల స్టాండు మీద పడ్డాను.

"పనికిరాదు. ఇంకోటి చూపించండి," అన్నాడు బావ. నా దవడ సంగతి అడగలేదు.

అవి సస్పెండర్లు. భుజాల మీదుగా వెళ్లి ప్యాంటు జారకుండా పట్టుకునే పట్టీలు. ఇప్పుడవి ఫొటోల కోసం పెట్టుకుంటున్నారు గానీ, ఒకప్పుడు వాటి పని వాటికి ఉండేది. మా బావకు కావలసింది ఆ పని చేసేవి. ఇంకా చెప్పాలంటే, అంతకు మించిన పని చేసేవి. అది తెలియాలంటే ముందు బావ గురించి చెప్పాలి.

మా బావ లిఫ్టు మెకానిక్. బాగుచేసిన లిఫ్టులో ముందు ఇనప బరువులు వేసి తిప్పుతాడు. తర్వాత తనెక్కి లోపల గంతులేస్తాడు. ఆ తర్వాతే మనుషుల్ని ఎక్కనిస్తాడు. ఈ బుద్ధి ఇంట్లో కూడా పోదు. కొత్త కుర్చీ వస్తే ఊపి చూస్తాడు, కొత్త తలుపు వస్తే వేలాడి చూస్తాడు. అల్లుడిగా మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు మేడ మెట్ల పక్కనున్న పిట్టగోడను ఊపి, "ఇది పడిపోతుంది మామయ్యా," అన్నాడు. మా నాన్న నొచ్చుకున్నాడు. ఆ వానాకాలంలోనే అది పడిపోయింది. మా నాన్న ఇంకా ఎక్కువ నొచ్చుకున్నాడు.

అలాంటి మనిషికి డాన్సు పిచ్చి ఎలా పట్టిందంటే, అదీ లిఫ్టు పుణ్యమే. స్టేషన్ దగ్గర ఒక పాత భవనం పై అంతస్తులో హాలుంది. లిఫ్టు చెడిపోతే బాగుచేయడానికి వెళ్లాడు. విడిభాగం వచ్చేదాకా పైన కూర్చుంటే, అక్కడ స్వింగ్ డాన్సు క్లాసు జరుగుతోంది. బాకాలు, డ్రమ్ములు, హుషారైన పాత బాణీలు. జంటలు చేతులు పట్టుకుని విసురుగా దూరం వెళ్లడం, గిర్రున తిరిగి మళ్లీ దగ్గరికి రావడం. మగవాళ్లవి నడుము పైదాకా వచ్చే వదులు ప్యాంట్లు, సస్పెండర్లు, బో టైలు, రెండు రంగుల తోలు బూట్లు. ఆడవాళ్లవి గిర్రున తిరిగితే విచ్చుకునే స్కర్టులు. బావ లిఫ్టు బాగుచేసి ఇంటికొచ్చి, మందుల షాపులో ఉద్యోగం నుంచి అప్పుడే వచ్చిన మా అక్కను చెప్పులైనా విప్పనివ్వకుండా అక్కడికి లాక్కెళ్లాడు. అప్పట్నించి ప్రతి శనివారం సాయంత్రం వాళ్లు అక్కడే. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, బావ జుట్టు నెరిసింది, శనివారం మాత్రం తప్పలేదు. చింత చచ్చినా పులుపు చావలేదని నేను ఎగతాళి చేస్తే, "నీకు చింతా లేదు, పులుపూ లేదు," అనేది అక్క.

రెండేళ్ల కింద అక్కకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది, నోటి దురుసు అయితే ముందుకన్నా ఎక్కువే వచ్చింది. ఎడమ చేతి పట్టు మాత్రం రాలేదు. వేళ్లు మెల్లగా ముడుచుకుంటాయి, గట్టిగా బిగుసుకోవు. ఈ డాన్సులో ఆ చెయ్యి మగవాడి భుజం వెనక ఆనుకుని ఉండాలి. కోలుకున్నాక హాలుకు వెళ్లిన మొదటి శనివారమే, బావ వేసుకున్న నున్నటి కోటు మీద ఆ చెయ్యి జారింది. అక్క మలుపులో అందరి మధ్యా మోకాళ్ల మీద పడింది. దెబ్బ పెద్దది కాదు. కానీ లేపడానికి నలుగురు పరుగెత్తుకొచ్చారు. అక్కకు తగిలిన దెబ్బ అది.

"ఇక నావల్ల కాదు, మీరు ఇంకెవరితోనైనా ఆడుకోండి," అంది ఇంటికొచ్చాక.

బావ కోటు విప్పి చూస్తూ, "తప్పు ఈ బట్టది. నీ చెయ్యి జారనిది దొరికితే వస్తావా?" అన్నాడు.

"దొరికినప్పుడు చూద్దాంలే," అని అక్క లైటార్పేసింది.

చూద్దాంలే అంటే వద్దని అర్థం. ఇది భూమ్మీద అందరికీ తెలుసు, మా బావకు తప్ప. ఆయన దాన్ని ఒప్పుకున్న పని కింద రాసుకున్నాడు. మర్నాటి నుంచీ వేట మొదలైంది. నాకు సరుకుల వ్యాను ఉంది కనక, నేను బలైపోయాను.

నాకు ఒళ్లు మండింది. "అక్క ఒకసారి పడింది చాలదా? మళ్లీ పడేస్తావా?" అన్నాను స్టీరింగ్ మీద కొడుతూ.

"పడిందని లిఫ్టు మూసేస్తారా? ఎందుకు పడిందో చూస్తారు."

"మా అక్క లిఫ్టు కాదు బావా!"

"తెలుసు. లిఫ్టు నా మాట వింటుంది."

ముందు కోట్లు చూశాం. పాతకాలపు ఫ్యాషన్ అని బోర్డులు పెట్టినవన్నీ పైకి పాతవే, బట్ట మాత్రం జర్రున జారే నైలాను. గరుకు ఉన్ని కోటు ఒకటి దొరికింది. చెయ్యి ఆగింది కానీ, భుజంలో పెట్టిన దూది కోటుతో సహా పక్కకు జరిగింది. ఈ పరీక్షలన్నిటికీ అక్క చెయ్యి నేనే. షాపుల నడుమ మీసాలున్న నేను బావ భుజం మీద చెయ్యేసి గిరగిరా తిరుగుతుంటే, కొనడానికి వచ్చినవాళ్లు కొనడం మానేసి చూసేవాళ్లు. నా పరువు షాపుకొక పోగు చొప్పున ఊడిపోయింది.

సస్పెండర్ల ఆలోచన బావకు పనిలో వచ్చింది. లిఫ్టు గుంతలోకి వంగినప్పుడు పడిపోకుండా తోటి మెకానిక్ వెనక నుంచి ఆయన నడుము పట్టీ పట్టుకుంటాడట. అలా వంగి ఉండగా బావ అరిచాడట: "పట్టీ! పట్టుకోవడానికి పట్టీ కావాలి!" తోటివాడు కంగారుపడి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

అలా నా దవడ వాచింది. క్లిప్పులన్నీ ఊడేవే, పట్టీలన్నీ సాగేవే. ఊరందరిదీ ఒక దారి, మా బావది ఒక దారి. సాగని పట్టీ, క్లిప్పు లేని పట్టీ కావాలంటే సేల్స్‌మన్లు మమ్మల్ని పిచ్చివాళ్లను చూసినట్టు చూశారు. ఇక మానేద్దామని నేనన్నప్పుడల్లా బావ, "ఆ సందులో ఇంకో షాపుంది," అనేవాడు.

ఆ ఇంకో షాపు దర్జీల వీధి వెనక, ఇరుకు మెట్లెక్కితే వస్తుంది. నాటకాలవాళ్లకూ డాన్సర్లకూ పాతకాలపు బట్టలు స్వయంగా కుట్టి అమ్మే ఒకావిడ నడుపుతోంది. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. గోడ నిండా అంచు మడిచిన టోపీలు, వెడల్పాటి టైలు, జేబు రుమాళ్లు. బావ వాటి వంక కూడా చూడలేదు.

ఆమె తీసిన సస్పెండర్లు దళసరి బట్టవి. సాగవు. చివర్లలో తోలు చెవులు, వాటికి కాజాలు. అవి తగిలించుకోవాలంటే నడుము దగ్గర లోపలివైపు గుండీలున్న ప్యాంటే కావాలి. అదీ ఆమె దగ్గర ఉంది. బావ వేసుకున్నాడు. నేను అలవాటు ప్రకారం కాళ్లెత్తి వేలాడాను. గుండీ కదల్లేదు, పట్టీ కదల్లేదు. బావ ముఖం వెలిగిపోయింది.

ఆమె నోట్లోని సూదులు తీసి నవ్వింది. "వీటికి మనిషిని వేలాడదీసినవాళ్లను ఇదే చూడటం. ఇంతకీ ఎవరి కోసమండీ?"

బావ చెప్పాడు. ఆమె నవ్వు ఆపింది. "అయితే ఆవిణ్ని ఒకసారి తీసుకురాకూడదూ?"

"ముందు నేను ఖాయం చేసుకోవాలి కదమ్మా. మనుషుల్ని ఎక్కించేది ఆఖర్న," అన్నాడు బావ.

ఇంటికి రాగానే కొత్త ప్యాంటు, పట్టీలు వేసుకుని వంటింట్లో అక్క ముందు నిలబడ్డాడు. "పట్టుకో," అన్నాడు. అక్క విసుక్కుంటూనే చెయ్యెత్తి ఆయన భుజం వెనక పెట్టింది. పట్టీ వీపుకు అతుక్కుపోయి, బిగుతుగా ఉంది. అక్క వేళ్లు దాని అంచు దగ్గర తడుముకున్నాయి. కిందకు దూరలేదు. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ జారాయి.

"దీనికి తమ్ముణ్ని వేలాడదీశారా?" అంది.

"రెండు కాళ్లూ ఎత్తించాను."

"నేను వేలాడనండీ. నాకు కావలసింది వేళ్లు దూరేంత సందు."

బావ వీపు మీది పట్టీని తనే తడుముకుని చూసుకున్నాడు. బరువు ఎంతైనా మోస్తుందని తేల్చుకున్నాడు గానీ, ఎక్కాల్సిన మనిషి ఎలా ఎక్కుతుందో చూసుకోలేదు. అంత చిన్నబోయిన ముఖం నేను ఆయనలో ఎప్పుడూ చూడలేదు. నాకు జాలేసింది. ఆ జాలిలోనే నోరు జారాను.

"ఇక చాల్లే బావా. అక్క ఆడకపోతే మాత్రం కొంప మునిగిందా?"

అక్క గిర్రున నా వైపు తిరిగింది. "చాలో చాలదో చెప్పడానికి నువ్వెవడివిరా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని, చెయ్యి కొంగుకు తుడుచుకుని బావను అడిగింది. "ఆ షాపెక్కడ?"

మర్నాడు ముగ్గురం వెళ్లాం. బావను షాపు మధ్యలో బొమ్మలా నిలబెట్టారు. షాపావిడ పట్టీలు వదులు చేసి చూసింది. అక్క వేళ్లు దూరాయి, బావ ప్యాంటు జారింది. పట్టీకి తోలు ఉంగరం లాంటిది కుట్టింది. వేళ్లు దూరాయి, కానీ తిరిగి బయటికి రాలేదు. అది ఇంకా ప్రమాదం. దూరం వెళ్లేటప్పుడు చెయ్యి దానంతటది వచ్చేయాలి.

"దానికి బదులు..." అని బావ మొదలుపెట్టాడు.

"మీరు నోరు మూసుకుని నిలబడండి," అంది అక్క.

అక్క తన చేతిని తనే చూసుకుంటూ, ఏ వేలు ఎంత వంగుతుందో, ఎటునుంచి వస్తే తేలికో మెల్లగా చెప్పింది. షాపావిడ కుట్టింది, విప్పింది, మళ్లీ కుట్టింది. చివరికి పట్టీ కింద, భుజం ఎముక దగ్గర, గుడ్డ చుట్ట ఒకటి దాచి కుట్టింది. అక్కడ మాత్రం పట్టీ వీపు నుంచి వేలి మందాన పైకి లేచింది. అక్క నాలుగు వేళ్లూ పక్కనుంచి లోపలికి వెళ్లాయి, అలాగే జారి వచ్చేశాయి. అక్క నుదుటి నిండా చెమట. మళ్లీ పెట్టింది, మళ్లీ తీసింది. ఆపమని ఎవరూ అనలేదు. అనే ధైర్యం నాకు లేదు.

"ఈ బూడిదరంగు ఏమిటి, ముసలాడిలా? ఆ ఎర్రటివాటికి కుట్టండి. బో టై కూడా ఒకటి ఇవ్వండి," అంది చివర్లో.

శనివారం నేనూ హాలుకు వెళ్లాను. పడితే పట్టుకుందామని గోడ దగ్గర నిలబడ్డాను. అబద్ధమెందుకు, బావను తిట్టుకుంటూనే ఉన్నాను.

బాకా మొదలైంది. అక్క కుడి చెయ్యి బావ చేతిలో, ఎడమ చేతి వేళ్లు పట్టీ కింద. రెండు మలుపులు బాగానే తిరిగారు. తర్వాత అక్క విసురుగా దూరం వెళ్లాల్సిన చోటు వచ్చింది. బావ కుడి చెయ్యి ఆమె నడుము చుట్టూ బిగుసుకుపోయింది. వదల్లేదు. జబ్బు చేసినప్పట్నించీ ఆయన అంతే. మెట్ల మీద మోచెయ్యి పట్టుకుంటాడు, రోడ్డు దాటుతుంటే మణికట్టు పట్టుకుంటాడు. ఆమె విదిలించుకుంటూనే ఉంటుంది.

అక్క హాలు మధ్యలో ఆగిపోయింది. మిగతా జంటలు వాళ్ల చుట్టూ తిరిగి వెళ్తున్నాయి.

"వదలండి."

"పడతావు."

"పడితే లేస్తాను. వదలండి."

బావ మింగలేక కక్కలేక నిలబడ్డాడు. పరీక్ష చేయనిదే దేన్నీ కదలనివ్వని మనిషి. ఇక్కడ పరీక్ష చేయాల్సింది తను కాదు. మెల్లగా ఆయన చెయ్యి ఆమె నడుము నుంచి వచ్చేసింది.

అక్క వెళ్లింది. కుడి చెయ్యి చాచినంత దూరం, స్కర్టు విచ్చుకునేలా వెళ్లి, పాదం మీద తిరిగి విసురుగా వెనక్కి వచ్చింది. ఎడమ చెయ్యి ఆయన భుజం వెనక్కి పోయింది. వేళ్లు పట్టీ మీద జారాయి. నేను గోడ వదిలి రెండడుగులు ముందుకు వేశాను. అక్క కాలు తడబడింది, నిలదొక్కుకుంది. వేళ్లు మళ్లీ వెతికాయి. ఎర్రటి పట్టీ కిందికి ఒక్కొక్కటే దూరాయి.

బావ కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"తెరవండి, పాట ఇంకా అయిపోలేదు," అంది అక్క.