అధ్యక్షుడి చేతిలో లేనిది

కోర్టు గేటు పక్క రేకుల షెడ్డులో టైపు మిషను పెట్టుకున్న ఆవిడను ప్లీడర్లతో సహా అందరూ టైపక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా క్షమాభిక్ష అర్జీలు కొట్టి కొట్టి, ఆ మాటలు ఆవిడ వేళ్లకే కంఠతా వచ్చేశాయి. కళ్లు మూసుకుని కొట్టినా అక్షరం తప్పు పోదని మహా గొప్ప. ఆ గొప్పే కొంప ముంచింది.

తమ్ముడు బస్సు డ్రైవరు. మలుపులో బ్రేకులు పడక బస్సు గోడను గుద్దింది, ఒక ముసలాయన పోయాడు. బ్రేకులు బాగాలేవని తమ్ముడు మూడు రోజుల ముందే డిపో పుస్తకంలో రాశాడు. ఆ పేజీ మాయమైంది, అతనికి ఐదేళ్ల జైలు పడింది. అప్పీలు ఎంతకీ విచారణకు రాకపోయేసరికి టైపక్క దేశాధ్యక్షుడికి అర్జీ కొట్టింది. వేళ్లు అలవాటు కొద్దీ "నేను చేసిన నేరానికి పశ్చాత్తాపపడుతున్నాను" అని కూడా కొట్టేశాయి. అక్క రాసిందే కదా అని తమ్ముడు చదవకుండా సంతకం పెట్టాడు.

రెండేళ్లకు క్షమాభిక్ష దొరికింది. తమ్ముడు ఇంటికొచ్చాడు గానీ లైసెన్సు రాలేదు.

"అధ్యక్షులవారు మాఫీ చేసింది మిగిలిన శిక్షనే. తీర్పు అలాగే ఉందిగా? పైగా నేరం ఒప్పుకున్నావు కూడా," అంటూ డిపో మేనేజరు అర్జీ నకలు చేతిలో పెట్టాడు.

తమ్ముడు దాన్ని తెచ్చి అక్కకు చూపించాడు. "ఈ మాట నేనెప్పుడన్నానక్కా?"

టైపక్కకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఒళ్లు మండింది.

అప్పీలు విచారణకు వచ్చిన రోజు ఆవిడే బోనెక్కింది. సర్కారు వకీలు నవ్వాడు. "సాక్షాత్తు దేశాధ్యక్షులే క్షమించారు. ఇంకేం కావాలమ్మా?"

"క్షమించడానికి ముందు తప్పంటూ ఉండాలిగా బాబూ? ఆయన జైలు తలుపు తీయగలడు. నా తమ్ముడు దోషి కాడని చెప్పే అధికారం మాత్రం ఆయనకు లేదు, ఈ కోర్టుకే ఉంది. ఆ పశ్చాత్తాపం మాట వాడిది కాదు."

జడ్జి కళ్లద్దాలు తీశాడు. "చూడమ్మా, అర్జీలో ఉన్నది అబద్ధమని తేలితే క్షమాభిక్షే రద్దు కావచ్చు. మిగిలిన మూడేళ్లూ మళ్లీ జైల్లో గడపాల్సి రావచ్చు. తెలిసే చెబుతున్నావా?"

టైపక్క తమ్ముడి వైపు తిరిగి చూసింది. మూడేళ్లంటే మాటలా? వెనక బెంచీ మీంచి తమ్ముడు లేచాడు.

"చెప్పక్కా. నేను వెళ్తాను."

"తెలిసే చెబుతున్నానయ్యా," అంది టైపక్క. "ఆ అబద్ధం నాది. రాసుకోండి."