బయటికొచ్చేవాళ్ల మత్తయి గారు

తెనాలి మత్తయి గారు దేని సంగతైనా సరే, లోపలున్నవాళ్లను అడిగి తెలుసుకోరు. బయటికొచ్చేవాళ్లను పట్టుకుని అడుగుతారు. హోటల్లో ఏది బాగుంటుందో సర్వరును అడగరు. చేతులు కడుక్కుని, మూతి తుడుచుకుంటూ మెట్లు దిగేవాణ్ణి అడుగుతారు. "సర్వరుది ఉద్యోగం, ఇతనిది కడుపు. ఎవరు నిజం చెబుతారంటావ్?" అని ఆయన వాదన.

ఈ అలవాటు ఊరికే రాలేదు. అమృతలూరు హైస్కూల్లో పదో తరగతి ఫస్టు క్లాసులో ప్యాసై, రైల్వే పరీక్ష మొదటిసారికే నెగ్గి, ముప్పై ఒక్క సంవత్సరాలు తెనాలి స్టేషన్ బయటి గేటు దగ్గర టికెట్ కలెక్టరుగా నిలబడ్డ మనిషాయన. సర్వీసు మొత్తంలో ఒక్క మెమో లేదు. రెండుసార్లు పతకం ఇచ్చారు, ఒకసారి గోడ గడియారం ఇచ్చారు. రైలు దిగినవాళ్ల ముందు చేయి చాచడం, టికెట్ తీసుకోవడం, "ప్రయాణం ఎలా జరిగిందండి?" అనడం. ముప్పై ఒక్కేళ్లు ఇదే పని. రిటైరయ్యాక టికెట్లు పోయాయి గానీ ప్రశ్న పోలేదు.

చర్చికి కొత్త పాస్టరుగారు వచ్చినప్పుడు మత్తయి గారు రెండు ఆదివారాలు ఆరాధన అయ్యాక గేటు దగ్గర నిలబడి, "ఇవాళ అయ్యగారు ఏం చెప్పారమ్మా?" అని ఒక్కొక్కరినీ అడిగారు. మొదటి పది నిమిషాల్లో చెప్పింది తప్ప ఎవరికీ ఏదీ గుర్తులేదని తేలింది. సంగతి పాస్టరుగారి చెవిన పడింది. మూడో ఆదివారం నుంచి ప్రసంగం ఇరవై నిమిషాల్లో ముగుస్తోంది. సంఘం యావత్తూ ఈనాటికీ ఆయనకు రుణపడి ఉంది.

ఇంకోసారి పన్ను నొప్పితో బాపట్ల వెళ్లారు. అక్కడి పళ్ల డాక్టరు చేయి ఎలాంటిదో బయటికొచ్చేవాళ్లను అడుగుదామంటే, వచ్చినవాళ్లందరి నోళ్లలోనూ దూది. ముగ్గురు చేతులు ఊపారు. ఆ ఊపుడు బాగుందనో, పారిపొమ్మనో అర్థం కాలేదు. నాలుగో ఆయన మాట తిరిగేదాకా ఆయన వెంటే నడిచి, బస్సెక్కి, పొన్నూరు దాకా వెళ్లారు. పొన్నూరులో దిగాక ఆయన దూది తీసి, "బానే పీకాడండి" అన్నాడట. ఈలోగా మత్తయి గారి నొప్పి తగ్గిపోయింది. ఆ పన్ను ఇప్పటికీ ఉంది.

ఇక దీవెన సంగతి. రేపల్లెలో ఉండే కూతురి కూతురు. పదో తరగతిలో మండలం ఫస్టు, ఇంటర్లో తొమ్మిది వందల డెబ్భై నాలుగు, ఎంబీబీఎస్‌లో మెడిసిన్ బంగారు పతకం, పీజీ ఎంట్రన్సులో ఆలిండియా మూడు వేల తొమ్మిది వందల పన్నెండో ర్యాంకు. మత్తయి గారు ఈ వివరాలన్నీ బస్సులో పక్క సీటువాళ్లకు కూడా చెబుతారు కాబట్టి ఇక్కడ చెప్పినా తప్పులేదు.

ఎండీ జనరల్ మెడిసిన్ మూడేళ్లు చదివి, ఆపైన డీఎం అనే స్పెషలిస్టు కోర్సులో సీటు తెచ్చుకుని కిడ్నీ డాక్టరు కావాలని దీవెన పట్టుదల. ఆమె ర్యాంకుకు హైదరాబాదులో మూడు కాలేజీలు అందుతాయి. ఎందులో చదివితే డీఎం వచ్చే అవకాశం ఎక్కువ? ఆ వరుసలో కంప్యూటర్లో పేర్లు పెట్టి లాక్ చేయాలి. చేశాక మార్చడానికి వీల్లేదు. తప్పు కాలేజీలో పడితే మూడేళ్లూ పోయినట్టే. గడువు నాలుగు రోజులు. ఆ పిల్లకు వారం నుంచి అన్నం సయించడం లేదు. ఇంట్లో ఉంటే తోచక తెనాలి వచ్చి, అమ్మమ్మ ప్రమీలమ్మ వంటింట్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది.

"ఒకటోది అద్దాల బిల్డింగు తాతయ్యా. ఏడు సబ్జెక్టుల్లో డీఎం కోర్సులున్నాయి. కిడ్నీ విభాగం కూడా ఉంది. రెండోది మెట్రో పక్కన. మూడోది పాత బిల్డింగు, డీఎం కోర్సే లేదు. కాబట్టి ఈ వరుసలోనే పెట్టేస్తున్నా."

"ఎవరు చెప్పారమ్మా?"

"వాళ్ల వెబ్‌సైట్లో ఉంది."

"అంటే లోపలివాళ్లన్నమాట."

దీవెన నెత్తి పట్టుకుంది. "తాతయ్యా, ఇది ఇడ్లీ కాదు!"

"ఇడ్లీకే అంత విచారణ చేసినవాణ్ణి, మనవరాలి మూడేళ్లకు చేయనా?"

"అమ్మమ్మా, నువ్వైనా చెప్పవే!"

"నన్ను చేసుకునే ముందు మీ తాతయ్య మా ఇంట్లోంచి బయటికొచ్చే పాలావిణ్ణి అడిగాడే" అంది ప్రమీలమ్మ పప్పులో పోపు పెడుతూ. "ఆవిడ ఏం చెప్పిందో నలభై నాలుగేళ్లుగా అడుగుతున్నా, చెప్పి చావడు."

మర్నాడు పొద్దున్నే మత్తయి గారు రైల్వే పాసు జేబులో పెట్టుకుని సికింద్రాబాదు బండెక్కారు.

ఆ మరుసటి రోజు పన్నెండింటికి దీవెనకు ఫోనొచ్చింది. అద్దాల కాలేజీ సెక్యూరిటీ. "మేడమ్, మత్తయి అంటే మీ తాతనా? గేటు కాడ నిలబడి ఓపీ చీటీలు జమ చేస్తున్నడు!"

జరిగింది ఇది. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, జేబులో రెండు పెన్నులతో మత్తయి గారు బయటికొచ్చే దారిలో నిలబడ్డారు. జనం గుంపుగా వస్తుంటే ప్రాణం లేచొచ్చి, అలవాటుగా చేయి చాచారు. ఇవ్వాలి కాబోలనుకుని ఒకావిడ చీటీ ఇచ్చింది. ఆమె ఇచ్చిందని వెనకున్నవాళ్లంతా ఇచ్చారు. ఈయనా అలవాటుగా పుచ్చుకుని, అంచులు సరిచేసి, కట్ట కట్టుకున్నారు. అరవై మూడు చీటీలు, రెండు పార్కింగ్ టోకెన్లు. మందుల షాపువాడు చీటీ ఏదనేసరికి అరవై ముగ్గురూ వెనక్కి వచ్చారు. ఈయన ఒక్కటీ తారుమారు కాకుండా పేరు పేరునా పిలిచి అందరికీ తిరిగిచ్చేశారు. అది చూసి సెక్యూరిటీ అతను కోపం మరిచిపోయి, "నౌకరీ చేస్తవా పెద్దాయనా ఇక్కడ?" అని అడిగాడట.

"తాతయ్యా, పరువు తీస్తున్నావ్! వచ్చెయ్!" అని దీవెన ఫోన్లో అరిచింది.

"ఇంకా రెండు గేట్లున్నాయమ్మా" అన్నారాయన.

మూడో రోజు సాయంత్రం ఇల్లు చేరారు. మర్నాడు సాయంత్రం ఐదుకు గడువు. కాళ్లు కడుక్కుని, డైరీ తెరిచారు.

"అద్దాల కాలేజీలో పాఠాలు బ్రహ్మాండంగా చెబుతారట. అది ఒప్పుకోవాలి. కానీ డీఎం కోర్సులున్నాయి కదా, చేతిపనంతా ఆ డీఎం వాళ్లే చేసేస్తారట. ఎండీ పిల్లలకు కేసు షీట్లు రాయడం, రక్తం సీసాలు మోయడం. కిందటి బ్యాచి పది మందిలో డీఎంలో చేరింది ఇద్దరు. మెట్రో పక్క కాలేజీలో ముగ్గురు. పాత బిల్డింగులో రోగులు వరండాల్లోకి వచ్చేశారు, పిల్లలు నలిగిపోతున్నారు. కానీ అన్నీ వాళ్లే చేస్తారు. పొద్దున ఏడింటి క్లాసు ప్రొఫెసరుగారు మానరు. చివరి ఏడాది వాళ్లకు చదువుకోవడానికి డ్యూటీలు సర్దుతారు. పది మందిలో ఆరుగురు. అందులో ఇద్దరు కిడ్నీ."

దీవెన లాప్‌టాప్‌లో మరోసారి వెతికింది. ఈ లెక్క ఏ వెబ్‌సైట్లోనూ లేదు. అయినా పౌరుషం ఊరుకోదు కదా. "నీతో ఎవరైనా ఏదైనా చెబుతారు. టీ తాగడానికి పోయేవాళ్లు సరదాకి చెప్పుంటారు."

"అయితే నువ్వే అడుగు. నంబర్లున్నాయి."

పాత బిల్డింగు పేజీలో మొదటి పేరు సాయిసుధ, రెండో సంవత్సరం ఎండీ. దీవెన ఫోను చేసి, మొహమాటంగా, "మా తాతగారు నిన్న మిమ్మల్ని ఇబ్బంది పెట్టినట్టున్నారండి..." అని మొదలుపెట్టింది.

"అయ్యో, తెనాలి తాతగారి మనవరాలా!" అని అవతల గొంతు ఎగిరి గంతేసింది. "ఇబ్బందేంటి! ముప్పై గంటల డ్యూటీ చేసి బయటికొస్తున్నా. గేటు దగ్గర నన్నాపేవాళ్లందరూ వాళ్ల పేషెంటు ఎలా ఉన్నాడనే అడుగుతారు. ఆయన 'నువ్వెలా ఉన్నావమ్మా, ఎలా జరిగింది?' అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. దోసె తినిపించి, హాస్టల్ దాకా ఆటోలో దింపి వెళ్లారు. డీఎం లెక్క అడిగింది ఆటో దిగేటప్పుడు. అవన్నీ నిజమేనండి. మీరొస్తే మా పక్క గది ఖాళీ ఉంది, నేను చెప్పి పెడతాను."

దీవెన ఫోను పెట్టి, ఇంకో పేజీ తిప్పి, అద్దాల కాలేజీలో గౌతమ్ అనే అతనికి చేసింది. "మా కాలేజీకే వస్తారా? తాతగారికి మాటిచ్చానండి, మొదటి నెల డ్యూటీల్లో నేను తోడుంటానని." మెట్రో పక్క కాలేజీలో శ్రావ్యకు చేసింది. "పాత నోట్సు మీకోసం తీసి పెట్టాను."

దీవెన డైరీ మూసింది. "తాతయ్యా, మూడు చోట్లా చెప్పొచ్చావా?"

"నువ్వు ఏది పైన పెడతావో నాకేం తెలుసు? ఎందులో పడ్డా, మొదటి రోజు నిన్ను పలకరించే మనిషంటూ ఒకరుండాలి కదా. వరుస నీ ఇష్టం. దానికి నేనేం చెప్పను."

దీవెన ఆయన భుజానికి తల ఆనించింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి, పది రోజుల తర్వాత మొదటిసారి, అడిగి మరీ రెండుసార్లు పప్పన్నం పెట్టించుకుంది. మర్నాడు మధ్యాహ్నం పాత బిల్డింగును పైకి జరిపి, తన చేత్తోనే లాక్ చేసింది. సీటూ వచ్చింది. సాయిసుధ పక్క గదిలో ఇప్పుడు రెండో నెల. మొన్న మొట్టమొదటిసారి ఒక రోగికి డయాలసిస్ గొట్టం తానే వేసిందట. ఈ సంగతి తెనాలి నుంచి పొన్నూరు దాకా బస్సులన్నింటికీ తెలుసు.

చెప్పొచ్చేదేమంటే, తెనాలిలో ఆ ఇంట్లో ఇప్పుడు రోజూ పొద్దున తొమ్మిదింటికి ఫోను మోగడం మొదలవుతుంది. మొదట దీవెన. తర్వాత సాయిసుధ. ఆ తర్వాత శ్రావ్య. దీవెన చేరని కాలేజీల పిల్లలు కూడా మానలేదు.

"ఈయన రిటైరయ్యాడన్నారు" అంటుంది ప్రమీలమ్మ ఫోను అందిస్తూ. "ఇదిగో, అద్దాల కాలేజీ అబ్బాయి."

"తాతగారూ, డ్యూటీ దిగానండి" అంటాడు గౌతమ్.

మత్తయి గారు పేపరు పక్కన పెట్టి, కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. "టిఫిన్ తిన్నాక మాట్లాడు నాయనా. నేనెక్కడికీ పోను."