గొర్రెల మంద మధ్య జంట నక్షత్రం: కొల్లాపూర్ ప్రయాణం

ఈ ప్రయాణానికి కారణం ఒక గ్రాఫులో మిగిలిపోయిన ఖాళీ. నేను మహబూబ్‌నగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఏడేళ్లుగా ఉద్యోగం చేసుకుంటూనే ఒక జంట నక్షత్రం మీద పీహెచ్‌డీ లాక్కొస్తున్నాను. దానికి పేరు కూడా లేదు, కేటలాగులో ఒక నంబరు మాత్రమే ఉంది. చూస్తే ఒకటే చుక్క. నిజానికి అవి రెండు, ఒకదాని చుట్టూ ఒకటి అతి దగ్గరగా తిరుగుతుంటాయి. ఒకటి రెండోదానికి అడ్డం వచ్చినప్పుడల్లా మొత్తం వెలుగు కాసేపు తగ్గి, మళ్లీ పెరుగుతుంది. వీటి వేగాలు నా దగ్గర ఉన్నాయి. తమిళనాడులో ఒక కొండ మీది పెద్ద టెలిస్కోపుతో వర్ణపటం తీసి, అందులోని నల్లగీతలు ఎరుపు వైపు, నీలం వైపు ఎంత జరుగుతున్నాయో కొలిచి రెండేళ్ల క్రితమే లెక్క కట్టాను. కానీ వేగం ఒక్కటే చాలదు. అలా అడ్డం వచ్చే గ్రహణంలో వెలుగు ఎంత లోతుకు పడుతుందో తెలిస్తేనే ఆ కక్ష్య మనవైపు ఎంత వంగి ఉందో తెలుస్తుంది. అది తెలిస్తేనే నక్షత్రాల బరువులు తేలతాయి. బరువులు తేలకపోతే థీసిస్ లేదు.

ఆ లోతైన చోటే నా గ్రాఫులో ఖాళీ. ఒక చలికాలం మబ్బులు తినేశాయి, ఇంకో చలికాలం కెమెరా వైరు తిన్నది. యూనివర్సిటీ వాళ్లు ఇచ్చిన చివరి గడువు జూన్‌తో అయిపోతుంది. ఫిబ్రవరి దాటితే ఈ నక్షత్రం సాయంత్రాల్లో పడమటికి వాలిపోయి, వానలు వెనక్కి తగ్గేదాకా మళ్లీ చేతికి దొరకదు. గ్రహణం మొదటి నుంచి చివరి దాకా మన ఆకాశంలో చీకటి వేళకు కుదిరేది ఈలోపు ఒకే ఒక్క సాయంత్రం. వారం ముందు నుంచి నాకు అన్నం సహించలేదు. గంటకోసారి వాతావరణం చూడటం, ఫోను పక్కన పెట్టడం, మళ్లీ తీయడం, ఇదే పని.

పట్నం దీపాల్లో ఈ పని కాదు. మా కాలేజీ అటెండర్ వాళ్ల పెద్దమ్మ బాలమ్మకు కొల్లాపూర్ నుంచి సోమశిలకు పోయే దారిలో చేను ఉందంటే, ఆమెతో ఫోనులో మాట్లాడి ఒక రాత్రికి ఆ జాగా అడిగాను. 'రా బిడ్డా, చేను ఎటు పోతది' అన్నది. మహబూబ్‌నగర్ నుంచి భూత్పూర్, బిజినేపల్లి, నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ సుమారు వంద కిలోమీటర్లు. బస్సులో వెళ్లేవాళ్లు నాగర్‌కర్నూల్‌లో మారితే మంచిది. నాకు టెలిస్కోపు, స్టాండు, లాప్‌టాప్, ఇన్వర్టర్ బ్యాటరీ ఉన్నాయి కాబట్టి కారు కిరాయికి మాట్లాడుకున్నాను. డీజిలుతో కలిపి మూడున్నర వేలు. మధ్యాహ్నం పన్నెండున్నరకు బయలుదేరాం.

డ్రైవర్ యాదగిరి నా కంటే పదేళ్లు పెద్ద, మాటకారి. టెలిస్కోపు గొట్టాన్ని వెనక సీటులో పడుకోబెట్టి బెల్టు పెడుతుంటే అనుమానంగా చూశాడు.

"మేడం, గిది ఏంది? పోలీసోళ్లు ఆపితే ఏం జెప్పాలె?"

"చుక్కల్ని చూసేదని చెప్పన్నా."

"చుక్కలు నా ఇంటి మీద గూడ కనవడతయి గదా. దీనికి గింత దూరం కిరాయి ఎందుకు?"

బిజినేపల్లి దాటే వరకు నేను జంట నక్షత్రాల గురించి చెబుతూనే ఉన్నాను. చెబితే భయం తగ్గుతుందేమోనని ఆశ. తగ్గలేదు. నాగర్‌కర్నూల్‌లో చాయ్ తాగుతున్నప్పుడు దక్షిణాన ఒక తెల్లటి మబ్బు తునక కనిపించింది. గ్లాసు సగంలోనే వదిలేసి నిలబడ్డాను. "అది పోతాంది మేడం, మన దిక్కు రాదు, ఫికర్ జెయ్యకు. కూసోని తాగు" అన్నాడు యాదగిరి. నేను కూర్చోలేదు. ఆయన నా చాయ్ కూడా తాగేశాడు.

మూడున్నరకు కొల్లాపూర్, నాలుగున్నరకు చేను చేరాం. పత్తి ఏరడం అయిపోయి, కట్టె పీకి ఒక మూలన కుప్ప వేసి ఉంది. చుట్టూ ఎక్కడా వీధిదీపం లేదు. మనసు కొంచెం కుదుటపడింది. బాలమ్మ జొన్నరొట్టెలు, మిరపకాయ తొక్కు తెచ్చింది. యాదగిరి తిన్నాడు, నేను ఒక ముక్క తుంపి చేతిలో పట్టుకుని స్టాండు కాళ్లు సమం చేసుకున్నాను. ఆరు గంటలకు తలెత్తి చూస్తే తూర్పున దుమ్ము లేచి వస్తోంది. దుమ్ము వెనక గొర్రెలు. ఒకటీ రెండూ కాదు, మంద మంద అంతా నేరుగా నా స్టాండు వైపే.

"అవ్వా! ఈ గొర్లేంది?"

"మంద, బిడ్డా. మూడు రాత్రులు మన చేన్ల పండవెడుతడు కుర్మయ్య. చేనుకు ఎరువైతది."

"రాత్రికి చేను నాకు గావాలన్న గదా అవ్వా?"

"ఇచ్చిన గదా!" బాలమ్మకు నా బాధ ఏమిటో నిజంగానే అర్థం కాలేదు. "నువ్వు మీదికి జూస్తవు. గొర్లు కింద పండుకుంటయి. మీకూ మీకూ లడాయేంది?"

తప్పు నాదే. నల్లగొండ వైపు పుట్టి, వ్యవసాయం చేసే ఇంట్లో పెరిగినదాన్ని. పంట తీసిన చేనులో రాత్రిళ్లు మంద పెట్టించుకుంటారని నాకు తెలియనిదేం కాదు. నక్షత్రం ధ్యాసలో పడి ఖాళీ చేను అంటే ఖాళీయే అనుకున్నాను. టెలిస్కోపు మీద తువ్వాలు కప్పి, దుమ్ము అణిగేదాకా దాన్ని కౌగిలించుకుని నిలబడ్డాను. ఏడుపొక్కటే తక్కువ.

కుర్మయ్యకు అరవై ఐదేళ్లు ఉంటాయి. భుజాన గొంగడి, చేతిలో పొడవాటి టార్చి. మందను మా కారు దాకా పరిచి, టార్చి ఊపుతూ లెక్క పెట్టుకున్నాడు. ఆ వెలుగులో గొర్రెల కళ్లు మెరుస్తుంటే, ఆ మెరుపులను బట్టే లెక్క. నూట అరవై రెండు. వెలుగు పడితే నా పని చెడుతుందని బతిమాలుకున్నాను. "పోయిన వారమే పక్క చేన్ల చిరుతపులి గొర్రెపిల్లను ఎత్తుకపోయింది బిడ్డా" అన్నాడు. కాసేపు ఆలోచించి, "సరె, అవసరం పడితేనే ఏస్త. ఏసే ముందు చెప్త" అన్నాడు. అంతకంటే ఏం అడగను?

పాత లెక్కల ప్రకారం వెలుగు తగ్గడం ఏడింటికి మొదలవ్వాలి, ఎనిమిది నలభైకి అట్టడుగుకు చేరాలి. పద్ధతి కష్టమేం కాదు. అరనిమిషానికి ఒక ఫొటో, ప్రతి ఫొటోలో నా నక్షత్రాన్ని పక్కనున్న మారని నక్షత్రంతో పోల్చడం. లాప్‌టాప్‌లో గ్రాఫు మీద ఫొటోకు ఒక చుక్క పడుతూ ఉంటుంది. ఏడైంది. చుక్కలు తిన్నగా పోతున్నాయి. ఏడూ పదైంది. తిన్నగానే. తప్పు నక్షత్రం పెట్టానా అని మ్యాపు మూడుసార్లు చూశాను. ఈ నక్షత్రం గ్రహణ సమయాన్ని కొన్నేళ్లుగా ఎవరూ సరిగ్గా కొలవలేదు, పాత లెక్కే తప్పయితే ఈ గ్రహణం మధ్యాహ్నమే అయిపోయి ఉండొచ్చు కూడా.  అదే సమయానికి యాదగిరి నీళ్ల సీసా కోసం కారు తలుపు తీశాడు, లోపలి దీపం భళ్లున వెలిగింది. ఆయన మీద నేను వేసిన కేక బాలమ్మ ఇంటి దాకా వినిపించిందట. ఆయనకు ఇప్పటికీ క్షమాపణ బాకీ.

ఏడూ ఇరవై దాటాక చుక్కలు కిందికి వంగాయి.  ఎనిమిదింటికి బాగా దిగాయి. ఇంకో అరగంట గడిస్తే చాలు అనుకుంటుండగా చీకట్లో కుర్మయ్య గొంతు వినిపించింది.

"బిడ్డా, టార్చి ఎయ్యాలె. లెక్కల ఒకటి తక్కువొస్తాంది."

"టార్చి లేకుండా ఎట్ల లెక్కపెట్టినవ్ తాతా?"

"ఈపుల మీద చెయ్యేసుకుంట పోయిన. రెండు సార్లు జూసిన. ఒకటి లేదు. అది చూడిది, ఇయ్యాలో రేపో ఈనుతది."

గడియారం ఎనిమిది ఇరవై ఎనిమిది. ఏడేళ్ల పనికి ఇంకా పన్నెండు నిమిషాలు. నోట్లోంచి మాట దానంతట అదే వచ్చేసింది. "ఇరవై నిమిషాలు ఆగు తాతా."

ఆయన కోప్పడలేదు. "ఆగమంటే నేను ఆగుత బిడ్డా. చిరుతపులి ఆగదు గదా."

ఆ మాట తర్వాత కూడా నేను కొన్ని క్షణాలు తెర వైపే చూశానని ఒప్పుకోవాలి. సిగ్గేసింది. కెమెరా ఆపి, గొట్టానికి మూత పెట్టి, "ఎయ్యి తాతా" అన్నాను. నా ఫోను లైటు కూడా వేసి ఆయన వెంట నడిచాను. గట్లు చూశాం, కట్టెల కుప్ప చుట్టూ తిరిగాం, కాలువలో దిగాం. కుర్మయ్య నాలుకతో ఒక రకమైన శబ్దం చేస్తూ పిలుస్తున్నాడు. ఎటూ బదులు లేదు. ఆయన ఊపిరి బరువుగా వినిపిస్తోంది. అప్పుడు నాకు నక్షత్రం గుర్తులేదు, ఆ గొర్రె దొరకాలని మాత్రమే ఉంది.

దొరికింది. మా కారుకు అవతలి వైపున, చక్రానికి ఆనుకుని హాయిగా పడుకుని నెమరేస్తోంది. యాదగిరి లోపల నిద్రపోతున్నాడు. ఇవతలి నుంచి ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకటి తక్కువే వస్తుంది, మధ్యలో మా కారు అడ్డం.

"ఓసి నీ! ఈడున్నవా?" అని కుర్మయ్య దాని వీపు నిమిరాడు. తర్వాత నా వైపు తిరిగి, "నీ పని చెడిందా బిడ్డా?" అన్నాడు.

"చెడింది తాతా. ఏం గాదులే" అన్నాను. ఏం కాదులే అన్న మాట అబద్ధం.

ఎనిమిది నలభై ఆరుకు మూత తీశాను. వెలుగు ఇప్పటికే పైకి ఎక్కుతూ ఉంటుందనుకున్నాను, అయినా అలవాటు కొద్దీ కెమెరా నడిపాను. మొదటి చుక్క ఇంతకుముందు వదిలిన చోటు కంటే కింద పడింది. రెండోది ఇంకా కింద. మూడోది ఇంకా. నక్షత్రం ఇంకా దిగుతూనే ఉంది! మొదలే ఇరవై నిమిషాలు ఆలస్యమైనప్పుడు అడుగు కూడా ఆలస్యమే అవుతుందని ఆ కంగారులో నాకు తట్టనే లేదు. అట్టడుగు తొమ్మిదీ ఒకటికి వచ్చింది, పాత లెక్క కంటే ఇరవై ఒక్క నిమిషాలు ఆలస్యంగా. నేను గట్టిగా ఏడ్చాను. ఏమైందోనని కుర్మయ్య పరుగెత్తుకొచ్చి, తెర మీది చుక్కల వంపు చూసి, "దొరికిందా నీది గూడ?" అన్నాడు.

దొరికింది. పదిన్నర దాటేదాకా వెలుగు పూర్తిగా కోలుకోవడం చూసి సర్దుకున్నాం, ఒంటిగంటకు మహబూబ్‌నగర్ చేరాం. ఆ ఆలస్యం ఊరికే వచ్చింది కాదని నా పీహెచ్‌డీ గైడు సార్ అంటున్నారు. ఒక నక్షత్రం ఒంటి మీది పదార్థం మెల్లగా రెండోదాని మీదికి జారుతూ ఉంటే తిరిగే కాలం ఇలా సాగుతుందట, అదే నిజమైతే థీసిస్‌లో ఒక అధ్యాయం పెరుగుతుంది. నాకు మాత్రం దానికంటే ఆ ఖాళీయే ఎక్కువ గుర్తొస్తోంది. ఇప్పుడు కూడా నా గ్రాఫులో ఒక ఖాళీ ఉంది, దిగే వైపున పద్దెనిమిది నిమిషాలు. పరిశీలన ఆగితే కారణం రాయాల్సిన గడి ఒకటి లాగ్‌బుక్‌లో ఉంటుంది. మబ్బు, మంచు, వైరు అని రాసుకుంటూ వచ్చిన ఆ గడిలో ఈసారి 'గొర్రె' అని రాశాను. సార్ కొట్టేయమన్నారు. నేను కొట్టేయలేదు.

ఇటువైపు ఆకాశం చూడటానికి వచ్చేవాళ్లకు ఒకే ఒక్క సలహా. చేను అడిగేటప్పుడు ఆ రాత్రి అక్కడ మంద పెడుతున్నారా అని కూడా అడగండి. పెడుతున్నామంటే మానుకోకండి, కారు మాత్రం మందకు దూరంగా నిలపండి.