అందరి కేకులో ఒక ముక్క

ఆ భవనంలో ఆయన్ని అందరూ లిఫ్టు బాబాయి అనేవారు. పాతకాలపు లిఫ్టు. ఇనుప జాలీ తలుపు లాగి వేస్తేగాని కదలదు. లోపల ఒక మూల ఆయన స్టూలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని మీదే.

ఏ అంతస్తులో ఏ సంతోషం కలిగినా అందులో ఒక ముక్క లిఫ్టులోకి వచ్చేది. ఒకరికి ప్రమోషన్, ఒకరికి పాప. కాగితం ప్లేటులో కేకు, గుప్పెడు చాక్లెట్లు. పెట్టే చెయ్యి చిన్నబోకూడదని అన్నీ తినేవాడు. తిని, చల్లగా ఉండమనేవాడు. అలా ఏళ్లు గడిచాయి.

చొక్కా బొత్తాలు జరిపి కుడుతూ భార్య అనేది: "మొహమాటానికి పోతే కడుపొచ్చిందట. నీకూ వచ్చింది, చూసుకో."

ఆయన నవ్వేవాడు.

ముందు షుగరు వచ్చింది. కాలేయానికి కొవ్వు పట్టిందన్నారు. ఆ వెనకే భయం వచ్చింది. తలుపు వేయగానే గుండె దడదడలాడేది. అరచేతులు తడిసేవి. తిండికీ మనసుకీ ముడి ఉంటుందని, తీపీ కొవ్వూ మానేసి మాత్రలు వేసుకుంటే భయం కూడా కొంత తగ్గవచ్చని డాక్టరు చెప్పాడు. భార్య ఏదో ఆకు మరిగించి ఫ్లాస్కులో పోసి ఇచ్చేది. ఆ చేదు అంతస్తుకో గుక్క తాగేవాడు. సంగతి ఎవరికీ చెప్పలేదు. మేనేజరు కొత్త లిఫ్టు పెట్టిద్దామని సాకు కోసం చూస్తున్నాడు. తెలిస్తే స్టూలు పోతుంది.

నాలుగో అంతస్తులో పరిశోధనశాల ఉంది. అక్కడ పనిచేసే అమ్మాయి ఒకసారి చెప్పింది: "కొవ్వు తిండి పెట్టిన ఎలుకలు మూల వదలడం లేదు బాబాయ్. వెలుగులోకి రావాలంటే భయం. ఆకుల్లోంచి తీసిన మందు ఇచ్చి చూస్తున్నాం."

అప్పట్నుంచి ఆమె కనబడితే చాలు, ఎలుకల క్షేమం అడిగేవాడు.

ఒకరోజు నాలుగో అంతస్తులో తలుపు తీసేసరికి ఆమె ప్లేటుతో నిలబడి ఉంది.

"బాబాయ్, మన ఎలుకలు బయటికొచ్చాయి!"

"భయం పోయిందా తల్లీ?"

"తగ్గింది."

"మరి మనుషులకెప్పుడిస్తారు?"

"అబ్బో, దానికి ఏళ్లు పడుతుంది. అప్పుడైనా పనిచేస్తుందో లేదో. ఎవరికి బాబాయ్?"

"ఎవరికీ లేదులే. ఊరికే అడిగా."

ఆమె కేకు నోటి దాకా తెచ్చింది. మొట్టమొదటిసారి ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె ముఖం వాడిపోయింది.

"మా కేకే చేదయిందా?"

ఆయన చెయ్యి దించి నోరు తెరిచాడు. ఆమె ముక్క నోట్లో పెట్టింది.

పెట్టి లోపలికి వెళ్లిపోయింది. కింద బెల్లు మోగింది. జాలీ మీద చెయ్యి వేశాడు. చెయ్యి తలుపు లాగలేదు. కేకు ఇంకా గొంతులోనే ఉంది. బెల్లు మళ్లీ మోగింది. బయటికి వచ్చి, గోడ పట్టుకుని మెట్లు దిగాడు.

కింద మేనేజరు వేలు బెల్లు మీదే ఉంది.

"లిఫ్టేది?"

"పైన ఉందండీ."

"మరి నువ్వు ఇక్కడున్నావేం?"



కొన్నాళ్లకే కొత్త లిఫ్టు వచ్చింది. అది బొత్తాం నొక్కితే కదులుతుంది. పాత స్టూలు ఎవరికీ అక్కర్లేదని ఆయనకే ఇచ్చారు. ఇప్పుడది ఇంట్లో కిటికీ దగ్గర ఉంది. పక్కింట్లో కాలింగ్ బెల్లు మోగినా దాని మీంచి సగం లేస్తాడు.

మొన్న డాక్టరు కాగితాలు చూసి సంతోషించాడు. "భేష్! షుగరు బాగా దిగింది. ఇన్నాళ్లూ మానలేనిది ఇప్పుడెలా మానేశావయ్యా?"

"నేను మానలేదండీ," అన్నాడు. "ఎవరూ పెట్టడం లేదు."

 పక్కనున్న భార్య సంచిలోంచి ఫ్లాస్కు తీసి, మూతలో కషాయం వంపి, చేతికిచ్చింది.